సెకనులో ఐదోవంతు: ప్రతిచర్యాకాలం కొలత చరిత్ర

శ్రీకాకుళం జిల్లాలో సముద్రతీరానికి దగ్గరగా ఉన్న శ్రీకూర్మం క్షేత్రంలో కూర్మనాథుని ఆలయం ఉన్నది. ఆ ఆలయపు ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతున్నారు. డిప్పమీద పసుపుపచ్చని చారలు చుక్కల కిరణాలవలె ఉండడంచేత వాటికి ఆ పేరు వచ్చినది. దర్శనానికి వచ్చిన పిల్లలు వాటి ముందు ఆకులు వేసి, అవి ఎంత తీరికగా మేస్తాయో చూచి నవ్వుకొంటారు. ఒక ఆకు దగ్గరనుండి మరొక ఆకు దగ్గరకు జరగడానికి తాబేలుకు ఎంతో సేపు పడుతుంది. కాని ఎవరైనా అల్లరిగా చేయి చాపి తల దగ్గరకు తెచ్చారంటే చాలు, ఆ తల చటుక్కున డిప్పలోనికి పోతుంది.

నడకలో మందమైన ప్రాణి తల ముడుచుకొనడంలో మందం కాదు. నడిచే వేగం వేరు, ఒక హెచ్చరికకు స్పందించే వేగం వేరు. ఈ భేదం తాబేలు విషయంలో సులభంగానే బోధపడుతుంది. మనుష్యుల విషయంలో దీనిని గుర్తించడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్ళకు పైగా పట్టినది. గుర్తించకముందు ఒక ఉద్యోగి కొలువు పోయినది. స్త్రీలు స్వభావంచేతనే మందమనే మాట కూడ ఆ తికమకలోనే బలపడినది.

ఒక వెలుగు కనబడిన క్షణానికీ, ఒక చప్పుడు వినబడిన క్షణానికీ, దానికి బదులుగా మన చేయి కదలిన క్షణానికీ నడుమ కొంత కాలం గడుస్తుంది. దీనినే ప్రతిచర్యాకాలం అంటారు. ఆరోగ్యవంతులైన యువకులలో వెలుగుకు బదులు చెప్పడానికి ఇది సెకనులో సుమారు ఐదోవంతు. చప్పుడుకైతే ఇంకను కొంచెం తక్కువ. రెప్పపాటు అని మనం వాడుకలో అనే కాలం ఇంచుమించు ఇటువంటిదే. ఇంత చిన్న కాలాన్ని కొలవవలసిన అవసరం మొదట కలిగినది మనస్తత్వవేత్తలకు కాదు, నక్షత్రాలను చూచే జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు.

కొలువు పోగొట్టిన సెకను భాగం

ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలకు 18వ శతాబ్ది చివర నెవిల్ మాస్కెలిన్ అధిపతి. ఆయన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్. ఆ కాలంలో నక్షత్రం ఆకాశంలో దాటే వేళను చెవితోను, కంటితోను కలిపి నిర్ణయించేవారు. దూరదర్శిని లోపల సన్నని నిలువు తీగలు ఉంటాయి. పరిశీలకుడు గడియారం చూచి సెకను గుర్తుంచుకొని, దాని కొట్టుడును చెవితో లెక్కపెడుతూ, నక్షత్రం తీగను దాటే క్షణం కంటితో పట్టుకోవలెను. రెండు కొట్టుడుల నడుమ అది ఎక్కడ దాటినదో సెకనులో పదోవంతు వరకు అంచనా వేయవలెను.

1795 ఆగస్టులో కిన్నెబ్రూక్ గుర్తించిన వేళలు మాస్కెలిన్ వేళలకంటె అర సెకను ఆలస్యంగా ఉన్నట్లు తేలినది. ఆ సంగతి అతనికి చెప్పారు. అతడు సరిదిద్దుకొనడానికి ప్రయత్నించే ఉంటాడు. కాని తేడా తగ్గకపోగా, 1796 జనవరి నాటికి సెకనులో పది వంతులలో ఎనిమిది వంతులకు పెరిగినది. మాస్కెలిన్ అతనిని కొలువునుండి తొలగించాడు. యజమాని దృష్టిలో అది పనిలో అశ్రద్ధ. తన కన్నూ చెవీ కూడ కాలం తీసుకొంటాయనీ, సరియైన వేళ తనదే అనడానికి ఆధారం లేదనీ మాస్కెలిన్ కు తోచలేదు.

సుమారు పాతికేళ్ళ తరువాత జర్మన్ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ ఈ ఉదంతాన్ని చదివాడు. పేరుపొందిన పరిశీలకులను తనతో పోల్చి చూచుకొన్నాడు. 1823లో ఆర్గెలాండర్ తో పోల్చినప్పుడు ఇద్దరికీ సుమారు 1.2 సెకన్ల తేడా కనబడినది. ఇద్దరూ ఆరితేరినవారే, ఇద్దరిలో ఎవరికీ అశ్రద్ధ లేదు. కావున తేడా తప్పు కాదు, మనిషికీ మనిషికీ సహజంగా ఉండే భేదం అని బెస్సెల్ గ్రహించాడు. దీనికి ‘వ్యక్తిగత సమీకరణం’ అని పేరు వచ్చినది. అప్పటికి కిన్నెబ్రూక్ మరణించి చాలా కాలమైనది.

విశాఖపట్నం వేధశాల

ఈ చిక్కు ఉత్తరాంధ్రకు దూరమైనది కాదు. శ్రీకూర్మానికి నైరుతి దిక్కున, అదే తీరంలో ఉన్న విశాఖపట్నంలో 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పాడు. మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ వద్ద ఆయన జ్యోతిశ్శాస్త్రం అభ్యసించాడు. 1856లో జగ్గారావు మరణించిన పిదప ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు వేధశాలను నడిపాడు. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఆయన సభ్యుడు. ఆయన పరిశీలనలు ఆ సంఘపు మాసపత్రికలో అచ్చయినవి.

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటినది. నరసింగరావు దానిని విశాఖపట్నంనుండి పరిశీలించాడు. ప్రపంచమంతటా అనేక బృందాలు ఆ పనిమీదనే ఉన్నవి. శుక్రుని నల్లని చుక్క సూర్యుని అంచును తాకిన క్షణం, విడిచిన క్షణం వేరు వేరు చోట్లనుండి నిర్ణయిస్తే, దానినిబట్టి సూర్యుని దూరం లెక్కకట్టవచ్చును. చిక్కేమనగా, శుక్రుడు అంచును విడిచేటప్పుడు నల్లని బొట్టువలె సాగినట్లు కనబడుతుంది. ‘ఇదే ఆ క్షణం’ అని ఎవరు ఎప్పుడు అనుకొంటారో చెప్పలేము. పక్కపక్కనే నిలుచున్న పరిశీలకులకు కూడ వేళలు కలియలేదు. ఇది ఇట్లు జరుగునని ఊహించి, బ్రిటిషు బృందాలకు కృత్రిమ నమూనా ఒకటి పెట్టి ముందుగా అభ్యాసం చేయించారు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. 1796లో తేడా అంటే తప్పు. 1874 నాటికి తేడా అంటే కొలవవలసినది, అభ్యాసంతో తగ్గించదగినది.

నాడిలో ప్రయాణం

ప్రతిచర్యకు కాలం ఎందుకు పట్టవలెను? నాడులలో వార్త ఎంత వేగంగా పోతుందో కొలవడం అసాధ్యమని యోహానెస్ మ్యూలర్ వంటి శరీరధర్మ శాస్త్రజ్ఞుడే భావించాడు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్స్ 1850లో కప్ప నాడిమీద ప్రయోగం చేసి, ఆ వేగం సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు. అది రైలుబండి వేగానికి పోల్చదగినదే గాని మెరుపు వేగం కాదు.

1868లో హాలండులోని యుట్రెక్ట్ నగరంలో డాండర్స్ మరొక అడుగు వేశాడు. ఒకే సంకేతానికి ఒకే బదులు చెప్పినప్పుడు పట్టే కాలం కొలిచాడు. అనేక సంకేతాలలో వచ్చినదేదో గుర్తించి, తగిన బదులు ఎంచుకొని చెప్పినప్పుడు పట్టే కాలం కొలిచాడు. రెండవదానినుండి మొదటిది తీసివేస్తే, గుర్తించడానికీ ఎంచుకొనడానికీ మనసు తీసుకొన్న కాలం మిగులుతుంది. ఈ పద్ధతిని 1879లో లైప్‌జిగ్ లో వుంట్ నెలకొల్పిన మనస్తత్వ ప్రయోగశాల అందుకొన్నది. భారతదేశంలో కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లోను, మైసూరులో 1924లోను మనస్తత్వశాస్త్ర శాఖలు ఏర్పడినవి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఆ శాఖ 1967లో వచ్చినది.

కావున ప్రతిచర్యాకాలం అనే ఒక్క అంకెలో అనేక భాగాలు కలిసి ఉన్నవి. కన్నుగాని చెవిగాని సంకేతాన్ని అందుకొనే కాలం, జ్ఞాననాడిలో ప్రయాణం, మెదడులో నిర్ణయం, చాలకనాడిలో తిరుగు ప్రయాణం, కండరం బిగిసి చేయి కదిలే కాలం, చివరకు యంత్రం ఆ కదలికను గుర్తించే కాలం. ఈ భాగాలలో దేనిలో తేడా ఉన్నా చివరి అంకె మారుతుంది.

స్త్రీలు, పురుషులు

ఈ కొలతలు వచ్చిన కొలదికాలానికే స్త్రీపురుషులను పోల్చడం మొదలయినది. ఒకే సంకేతానికి ఒకే బదులు చెప్పే పరీక్షలలో పురుషుల సగటు కాలం స్త్రీల సగటుకంటె కొంచెం తక్కువగా వచ్చినది. తేడా సాధారణంగా సెకనులో వెయ్యి వంతులలో కొన్ని పదుల వంతులకు మించదు. కాని దానినుండి తీసిన తీర్మానం పెద్దది. స్త్రీలకు చురుకుదనం తక్కువ, అది ప్రకృతి నిర్ణయం అని కొందరు పండితులు వ్రాశారు.

చికాగో విశ్వవిద్యాలయంలో హెలెన్ థామ్సన్ అనే విదుషి ఆ మాటను పరీక్షకు పెట్టింది. 25 మంది పురుషులనూ 25 మంది స్త్రీలనూ ఒకే విశ్వవిద్యాలయంనుండి ఎన్నుకొని, ఒకే పరికరాలతో పరీక్షించి, 1903లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రకటించింది. చేతి కదలికకు సంబంధించిన పరీక్షలలో పురుషులు ముందున్నారు. అయినా రెండు వర్గాల అంకెలనూ గీతలుగా గీసినప్పుడు అవి చాలవరకు ఒకదానిమీద ఒకటి పడినవి. అనగా సగటు పురుషునికంటె చురుకైన స్త్రీలున్నారు, సగటు స్త్రీకంటె మందమైన పురుషులున్నారు. కనబడిన భేదాలలో పెంపకం, ఆటలు, అలవాట్లు ఇచ్చినవి ఎన్నో ఉన్నవని ఆమె వాదించింది.

ఆమె మాటకు తరువాతి కాలంలో బలం చేకూరినది. అమెరికా పరిశోధకుడు సిల్వర్‌మన్ 73 ఏళ్ళ కాలంలో వెలువడిన 21 పరిశోధనల ఫలితాలను కలిపి 2006లో ప్రకటించాడు. వెలుగుకు బదులు చెప్పడంలో స్త్రీపురుషుల నడుమ తేడా కాలక్రమాన తగ్గుతూ వచ్చినట్లు అందులో కనబడినది. స్త్రీలు వాహనాలు నడపడం, వేగంగల ఆటలు ఆడడం హెచ్చినందువల్ల ఇట్లు జరిగి ఉండవచ్చునని ఆయన ఊహించాడు. ప్రకృతి ఒక్కటే కారణమైతే డెబ్బై ఏళ్ళలో అది మారదు గదా!

తాబేలు నేర్పిన భేదం కూడ ఇక్కడ పనికివచ్చినది. 1980లో వెలువడిన ఒక పరిశోధనలో ప్రతిచర్యాకాలాన్ని రెండుగా విడదీశారు. సంకేతం చూచి వేలు ఎత్తేవరకు పట్టేది నిర్ణయకాలం. వేలు ఎత్తి మరొక మీట నొక్కేవరకు పట్టేది కదలిక కాలం. కదలికలో పురుషులు ముందు, నిర్ణయంలో స్త్రీలు ముందు అని తేలినది. రెండూ కలిపి చెప్పిన అంకెలో ఈ సంగతి దాగిపోతుంది.

ఆందోళన ఏమి చేస్తుంది?

అంకెను మార్చే మరొక కారణం ఆందోళన. దానిని ఏ నాడిలోను వెదకి చూపలేము. అందరిముందు పరీక్షకు నిలబడినప్పుడు గుండె దడదడ కొట్టుకొనడం, అరచేతులు చెమర్చడం ఎవరికి తెలియదు? ఆ స్థితి మనిషిని వేగిరపరుస్తుందా, మందగింపజేస్తుందా?

1908లో యెర్క్స్, డాడ్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలకు తెల్లని పెట్టెను నల్లనిదానినుండి గుర్తించడం నేర్పారు. తప్పు చేస్తే విద్యుత్తుతో చురక తగిలేది. గుర్తించడం సులభమైనప్పుడు చురక బలంగా ఉన్నకొద్దీ నేర్పు త్వరగా వచ్చినది. కష్టమైనప్పుడు చురక మధ్యస్థంగా ఉంటేనే మేలయినది, బలం హెచ్చితే నేర్పు వెనుకబడినది.

మనుష్యులలో ఆందోళన కొలవడానికి జానెట్ టేలర్ 1953లో 50 వాక్యాలు గల ప్రశ్నావళిని ప్రకటించింది. అయోవా విశ్వవిద్యాలయంలో ఆమె, స్పెన్స్ చేసిన పరిశోధనలలో ఇటువంటి ఫలితమే వచ్చినది. గాలి ఊదితే కంటిరెప్ప మూయడం వంటి సామాన్యమైన ప్రతిస్పందనను నేర్చుకొనడంలో ఆందోళన ఎక్కువగలవారే ముందున్నారు. ఒకదానితో ఒకటి పోటీపడే బదుళ్ళు అనేకం ఉన్న పనిలో వారు వెనుకబడినారు.

ప్రతిచర్యాకాలానికి దీనిని ఇట్లు అన్వయించవచ్చును. ఒకే దీపం, ఒకే మీట ఉన్నప్పుడు కొంచెం ఉద్వేగం మేలు చేయవచ్చును. ఎంచుకొనవలసిన మీటలు పెరిగితే కాలం పెరుగుతుందని 1885లో మెర్కెల్ చూపాడు. ఆ పెరుగుదలకు 1952లో హిక్ గణితసూత్రం ఇచ్చాడు. అటువంటి పనిలో ‘తప్పు చేస్తానేమో’ అనే చింత మనసులో కొంత చోటు ఆక్రమిస్తుంది. మైకేల్ ఐసెంక్, ఆయన సహచరులు 2007లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం ఆందోళనగలవారు చాలాసార్లు తప్పు చేయరు, తప్పు చేయకుండా ఉండడానికి ఎక్కువ శ్రమపడి ఎక్కువ కాలం తీసుకొంటారు. గడియారం ఆలస్యాన్ని చూపుతుంది గాని ఆ శ్రమను చూపదు.

ఆందోళనను గురించిన ప్రశ్నావళులలో స్త్రీల సగటు పురుషుల సగటుకంటె ఎక్కువగా వస్తుంది. భయమున్నదని ఒప్పుకొనడం మగపిల్లవానికి సిగ్గని మన ఇళ్ళలో నేర్పుతారు, ఆడపిల్లకు అట్లు నేర్పరు. కావున ఆ సగటులో ఆందోళన ఎంతో, దానిని ఒప్పుకొనే అలవాటు ఎంతో విడదీయవలెను. పదిమందిలో ఆటలాడే అలవాటు లేని బాలికను పదిమంది ఎదుట యంత్రం ముందు కూర్చోబెట్టి, వచ్చిన ఆలస్యాన్ని ఆమె స్త్రీత్వానికి అంటగడితే, అది కిన్నెబ్రూక్ విషయంలో జరిగిన పొరపాటే అవుతుంది.

పరుగుపందెంలో ఒక పాఠం

ఈ చర్చ ప్రయోగశాలకే పరిమితం కాదు. విశాఖపట్నంలో పుట్టిన జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పరుగులో దేశంలోనే పేరుపొందిన క్రీడాకారిణి. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల తుదిపోటీలో తుపాకీ పేలకముందే ఒక చైనా పోటీదారు కదలినది. ఆ కదలికకు స్పందించి జ్యోతి కూడ కదలినది. న్యాయనిర్ణేతలు మొదట ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి అభ్యంతరం చెప్పగా చిత్రాలు తిరిగి చూచి, ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 సెకన్లలో మూడవదిగా చేరింది. ముందుగా కదలినామెను పందెం తరువాత తొలగించగా, జ్యోతికి రజతపతకం దక్కినది.

ఇటువంటి పందాలలో తుపాకీ చప్పుడయిన తరువాత 0.100 సెకనులోపల కదలినవారు చప్పుడు విని కదలలేదని, ముందే బయలుదేరారని లెక్క. కదలికను గుర్తించేది పాదాలక్రింది దిమ్మెలలోని యంత్రం. 2008 బీజింగు ఒలింపిక్ పరుగుల అంకెలను మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విశ్లేషించి 2011లో ప్రకటించారు. ఆ అంకెలలో పురుషుల ప్రతిచర్యాకాలం స్త్రీలకంటె తక్కువగా ఉన్నది. అయితే దిమ్మెమీద కొంత బలం పడేవరకు యంత్రం కదలికను గుర్తించదు. ఆ బలం హద్దు ఇద్దరికీ ఒకటే. కండబలం తక్కువగల స్త్రీలు ఆ హద్దును చేరడానికి కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. హద్దును 22 శాతం తగ్గిస్తే స్త్రీపురుష భేదం ఇంచుమించు మాయమవుతుందని వారు లెక్కకట్టారు. చెవిలోగాని మెదడులోగాని ఉన్నదనుకొన్న తేడా దిమ్మెలో కనబడినది!

ముప్పై సెంటీమీటర్ల కొలబద్ద

ఈ సంగతులను ఏ పాఠశాలలోనైనా పైసా ఖర్చు లేకుండా పరీక్షించవచ్చును. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల కొలబద్దను సున్న క్రిందుగా నిలువుగా పట్టుకొనవలెను. రెండవ విద్యార్థి బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ళను సున్న దగ్గర ఎడంగా ఉంచి సిద్ధంగా ఉండవలెను. మొదటివాడు చెప్పకుండా వదలగా రెండవవాడు పట్టుకొనవలెను. కొలబద్ద పడిన దూరం 10 సెంటీమీటర్లయితే కాలం 0.143 సెకను, 15 అయితే 0.175, 20 అయితే 0.202, 25 అయితే 0.226. పడిన దూరాన్ని రెట్టించి, గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీస్తే ఈ అంకెలు వస్తాయి.

ఒక్కొక్కరు పదిసార్లు చేసి, ఫలితాలను పెరిగే క్రమంలో వ్రాసి, నడిమి విలువను తీసుకొనవలెను. తరువాత మూడు పోలికలు చేయవచ్చును. మొదటి దినం కాలానికి, వారం రోజుల అభ్యాసం తరువాతి కాలానికి తేడా ఎంత? ఇద్దరే ఉన్నప్పటి కాలానికి, తరగతి అంతా చుట్టూ నిలిచి చూచేటప్పటి కాలానికి తేడా ఎంత? బాలుర నడిమి విలువకు, బాలికల నడిమి విలువకు తేడా ఎంత? మూడింటినీ పక్కపక్కన వ్రాసి చూచినప్పుడు, మూడవ తేడాను మొదటి రెండింటితో పోల్చడం విద్యార్థులకే అలవడుతుంది. రోజూ చెడుగుడుగాని క్రికెట్టుగాని ఆడేవారిని, ఆడనివారిని విడిగా లెక్కించడం మరవరాదు. పేర్లు చదివి ఎవరు వెనుకబడినారో ప్రకటించడం తగదు, అట్లు చేస్తే మరునాటి కొలతలో ఆ భయమే చేరుతుంది.

కిన్నెబ్రూక్ కు తన ఆలస్యం ఎక్కడనుండి వచ్చినదో చెప్పుకొనే శాస్త్రం ఆనాడు లేదు. హెచ్చరిక విన్న తరువాత అతని తేడా ఎందుకు పెరిగినదో నేడు నిర్ధారించడానికి ఆధారం లేదు. కాని అటువంటి ఉదంతం ఈనాడు ఎదురైతే అడగవలసిన ప్రశ్నలు మాత్రం తెలిసినవి. ఏ భాగంలో కాలం పట్టినది? అభ్యాసం ఎంత? మనసులో చింత ఎంత? యంత్రం ఎట్టిది? ఈ నాలుగింటికి సమాధానం తెలియకుండా, గడియారం ముల్లు చూపిన అంకె ఒక్కదానితో ఒక బాలుణ్ణి గాని, ఒక బాలికను గాని మందమని తేల్చరాదు. శ్రీకూర్మం ఆవరణలోని తాబేలును దాని నడక చూచి మందమన్నవారు, అది తల ముడుచుకొనేటప్పుడు చూచి ఉండరు.